పట్టు షెడ్డులో కుంపటి

చలికాలం పంట పెట్టుకునే పట్టు రైతుల ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలిసి ఉండాలని రాస్తున్నాను. 2022 డిసెంబరులో, మాండూస్ తుపాను తీరం దాటిన రాత్రి, మా ఇంటాయనా మా అత్తా పట్టుపురుగుల షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నారు. తెల్లారేసరికి అత్త తలుపు దగ్గర వాంతులు చేసుకుంటూ ఉంది. ఆయనకు తెలివి లేదు. ఇద్దరూ బతికారు. అత్త తొందరగానే తేరుకుంది. ఆయన మాత్రం మునుపటి మనిషి కావడానికి ఏడాది పైనే పట్టింది. మంట లేదు, పొగ లేదు, వాసన లేదు. ఏం జరిగిందో తిరుపతి పోయేదాకా మాకు తెలియలేదు.

మాది చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒక పల్లె. తిరుపతిలో ఉండే చుట్టాలకు మా చలి సంగతి చెప్తే నమ్మరు. వాళ్లది కొండ కింద నేల, ఎండలకు పేరు. మేముండేది మొగిలి ఘాటు ఎక్కినాక వచ్చే ఎత్తు నేల. పలమనేరు, వి.కోట, కుప్పం, అటు మదనపల్లె, అన్నీ సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తున ఉంటాయి. మైసూరు పీఠభూమి అంచు ఇది. ఎండలు మరీ మండవు కాబట్టి పట్టుకు అనువైన చోటు. టమాటా ధర పడిపోయిన ఏడు మమ్మల్ని నిలబెట్టేది పట్టే. కాకపోతే కార్తీకం దాటి మార్గశిరం, పుష్యం వచ్చేసరికి రాత్రులు 15 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. ఆ నెలల్లో షెడ్డును వెచ్చగా ఉంచుకోవడమే పెద్ద పని.

పట్టుపురుగుకు ఒంట్లో సొంత వేడి ఉండదు. పాముకు లేనట్లే దీనికీ లేదు. బయట ఎంత వేడి ఉంటే ఒంట్లోనూ దాదాపు అంతే. చాకీ పురుగుకు, అంటే గుడ్డులోంచి బయటికొచ్చిన మొదటి వారం పిల్లపురుగుకు, 27, 28 డిగ్రీల వేడి, గాలిలో 85 శాతం పైన తేమ కావాలి. ఒక్కో జ్వరం దాటేకొద్దీ ఒక్కో డిగ్రీ తగ్గించుకుంటూ వచ్చి, నాలుగో జ్వరం దాటిన పెద్ద పురుగుకు 24 డిగ్రీలు, 65 నుంచి 70 శాతం తేమ దగ్గర ఆపుతాం. జ్వరమంటే రోగం కాదు, పురుగు మేత ఆపి పాత చర్మం విడిచే సమయాన్ని మేం అలా అంటాం. చలి తగిలితే పురుగు సరిగా మేయదు. కొన్ని జ్వరానికి పోతాయి, కొన్ని ఇంకా మేస్తూనే ఉంటాయి. ఈడు కలవదు. మూడున్నర వారాల్లో కావాల్సిన మేపు సాగిపోతుంది, తోటలో ఆకు చాలదు. చలికి చెమ్మ తోడైతే సున్నంకట్టు రోగం తగులుకుని పురుగు తెల్లగా గట్టిపడి చస్తుంది. తెల్లగూళ్లు కట్టే బైవోల్టిన్ పురుగు ఈ విషయంలో మరీ సున్నితం. పాత పసుపు గూళ్ల రకం తట్టుకున్నంత ఇది తట్టుకోదు. ధర ఎక్కువ పలికేది మాత్రం ఇదే.

మా షెడ్డు ఇంటికి కూతవేటు దూరంలో, మల్బరీ తోట గట్టున ఉంది. సిమెంటు ఇటుకల గోడలు, పైన రేకులు. కిటికీలకు, పురుగుల్ని చంపే ఊజీ ఈగ దూరకుండా సన్న వల. పంటకూ పంటకూ మధ్య షెడ్డును కడిగి, రోగక్రిములు చావడానికి మందు కొట్టి, గాలి చొరకుండా మూసి పెట్టాలి. అందుకని తలుపులూ కిటికీలూ బిగుతుగా పడేలా కట్టించుకోమంటారు. ఊళ్లో అందరూ అలాగే కట్టించుకున్నారు, మేమూ అంతే. మందు కొట్టేటప్పుడు ఆ బిగుతు మంచిదే.

ఆ విడత పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఉన్నాయి. పురుగు తన బతుకులో తినే ఆకులో ఎనభై శాతం ఈ ఆఖరి వారంలోనే తింటుంది. గుడ్ల డబ్బు, ఎరువుల డబ్బు, కూలీల డబ్బు అంతా అప్పటికే పెట్టేసి ఉంటాం. గూడు కట్టడం ఒక్కటే మిగిలి ఉంటుంది. ఆ దశలో పంటను చలికి వదిలేయడానికి ఎవరికీ మనసొప్పదు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నానికి గాలి ఎత్తుకుంది. పొద్దు గుంకకముందే కరెంటు పోయింది, దాంతో షెడ్డులోని కరెంటు హీటరూ ఆగిపోయింది. చీకటి పడేసరికి గోడకున్న థర్మామీటరు 18 చూపిస్తోంది, ఇంకా దిగుతోంది. జల్లు కిటికీ వలల్లోంచి లోపలికి కొడుతుంటే ఆయన రెక్కలన్నీ మూసి, బయటి నుంచి టార్పాలిన్ పట్టలు బిగించి కట్టాడు. తలుపు కింద సందులో గోనెసంచులు దోపాడు.

కుంపటి తీసింది అత్తే. "నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ సలికాలం పురుగులకు కుంపటే గదమ్మీ. అప్పుడు కరెంటు యాడుండింది?" అంది. ఆయన వసారాలో బొగ్గులు రాజేసి, పొగ పూర్తిగా పోయి కణకణ ఎర్రబడ్డాకనే షెడ్డులోకి తెచ్చాడు. పురుగుకు పొగ పడదు. పొగ తగిలితే మేత మానేస్తుంది. అందుకే పొగ లేని నిప్పు మంచి నిప్పని మా వైపు అందరి నమ్మకం. రాత్రి ఆఖరి మేత వేశాక, నిప్పు చూసుకోడానికి వీలుగా ఆయన అరల మధ్యలో, కుంపటికి దగ్గరగా చాప పరుచుకున్నాడు. అత్త తలుపు పక్కన నులక మంచం వేసుకుంది. నేను పిల్లలతో ఇంట్లో ఉన్నాను.

తెల్లవారుజామున వాన కాస్త తెరపిచ్చింది. టీ పట్టుకుని పోయి తలుపు తోశాను. గోనెసంచులు అడ్డంపడి తలుపు సగమే తెరుచుకుంది. అత్త మంచం దిగి, గోడకానుకుని, వాంతి చేసుకుంటోంది. "తలకాయ పగిలిపోతాంది అమ్మీ. లేస్తామంటే కాళ్లల్లో సత్తువ లేదు. ముందు వాణ్ని లేపు," అంది. ఆయన చాప మీద ఒక పక్కకు తిరిగి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కుదిపితే చెయ్యి వాలిపోయింది. ఊపిరి ఉంది, గురక మాదిరి గట్టిగా వస్తోంది. పంచె తడిసిపోయి ఉంది.

నేను కేకలు పెట్టాను. జనం వచ్చేలోగా ఆయన పక్కన కూర్చుని చూసిన దాంట్లో నాకు బాగా గుర్తున్నది అరల్లోని పురుగులు. రాత్రి వేసిన కొమ్మల మీద ఒక్క ఆకు లేదు. ఉత్త పుల్లలు మిగిలాయి. ఆ పుల్లలు పట్టుకుని పురుగులన్నీ తలలెత్తి, ఆకు కోసం అటూ ఇటూ ఆడిస్తున్నాయి. ఒక్కటీ వాడలేదు. దోమల బత్తి వెలిగిస్తేనే చచ్చే పురుగు అది. అది అంత బాగుంటే, అదే గదిలో మనిషిని గాలి పడగొట్టిందని ఎవరికి తోస్తుంది?

వచ్చినవాళ్లు మొదట అన్నమాట "కట్లపాము". మా వైపు నేల మీద పడుకున్నవాడు తెల్లారి లేవకపోతే అందరికీ ముందు తోచేది అదే. కట్లపాము రాత్రిపూట, నిద్రలో ఉన్నవాణ్ని కరుస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. రెప్పలు వాలిపోయి, మాట పడిపోయి, చివరికి ఊపిరి ఆగుతుంది. ఎలుకల కోసం పాములు షెడ్డులోకి రావడం మామూలే. టార్చి వేసి కాళ్లూ చేతులూ వెతికారు, చాప దులిపారు. ఏమీ కనిపించలేదు. పదిమంది పట్టి బయటికి మోసుకొచ్చారు. దారిలో చెట్టు పడి ఉంటే కొమ్మలు నరికి, కారులో దగ్గరి పట్నానికి తీసుకుపోయాం.

అక్కడ ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టారు. ఆక్సిజన్ 98 చూపించింది. బీపీ, షుగరు చూశారు. పాముకాటేమోనని నెత్తురు తీసి, గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా పెట్టి, గడ్డకట్టిందో లేదో చూశారు. గడ్డకట్టింది. తాగుతాడా, మూర్ఛ ఉందా, పురుగుమందు తాగే గొడవలేమైనా ఇంట్లో జరిగాయా అని అడిగారు. ఆ చివరి ప్రశ్న ఆయన ముందు, అత్త ముందు విని జవాబు చెప్పడం ఎంత కష్టమో చెప్పలేను. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. మొగిలి ఘాటు దిగి, చిత్తూరు మీదుగా తిరుపతి చేరేసరికి మధ్యాహ్నమైంది. తుపాను వానకు దారి పొడుగునా నీళ్లే.

తిరుపతిలో ఆయన్ను చూసింది చిన్న వయసు డాక్టరమ్మ. ఆయన్ను పరీక్షిస్తూ, పక్కన బల్ల మీద తల పట్టుకుని కూర్చున్న అత్తను చూసింది. "అవ్వా, నీకేమైంది?" అని అడిగింది. "తలనొప్పమ్మా, వాంతులు." "నువ్వూ ఆయన దగ్గరే పడుకున్నావా?" "ఊ. అదే షెడ్డులో." "లోపల నిప్పేమైనా పెట్టారా?" అత్త కుంపటి సంగతి చెప్పగానే ఆ అమ్మాయి లేచి, ముందు ఆక్సిజన్ మాస్కు పెట్టించి, తర్వాత ఆయన మణికట్టు దగ్గర నుంచి నెత్తురు తీసి పరీక్షకు పంపింది. ఒకే గదిలో పడుకున్న ఇద్దరికి ఒకే రాత్రి తేడా చేస్తే అది పాము పనో మూర్ఛో కాదు, గాలి పని అయ్యుండాలని ఆమెకు తట్టింది. ఆయన బతికింది ఆ ప్రశ్నలతోనే.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. గదిలో గాలి చాలని కొద్దీ అది ఎక్కువ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. ఇంచుమించు గాలంత బరువే కాబట్టి కిందికి దిగిపోదు, పైకి పోదు, గదంతా కలిసిపోతుంది. మంచం మీద పడుకున్నా చాప మీద పడుకున్నా ఒకటే. మన నెత్తురులో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఈ వాయువు దాన్ని ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నెత్తురు నిండుగా ఉన్నా ఒంటికి ఆక్సిజన్ అందదు. వేలికి పెట్టే క్లిప్పు ఈ వాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్‌నీ ఆక్సిజన్ పట్టుకున్నదిగానే లెక్కేస్తుంది. అందుకే 98 చూపించింది. మామూలు గాలి పీలిస్తే ఈ విషం సగం దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే ఆ సగం గంట, గంటన్నరలో దిగుతుంది. అత్త తలుపు పక్కన ఉంది కాబట్టి సందుల్లోంచి కొంత గాలి అందింది. ఆయన కుంపటి పక్కన ఉన్నాడు.

పురుగులకు ఎందుకేమీ కాలేదని నేను అడిగాను. పట్టుపురుగు నెత్తురులో హిమోగ్లోబిన్ లేదట. దాని పక్కల్లో ఉండే సన్న రంధ్రాల గుండా గాలి గొట్టాల్లోంచి నేరుగా ఒంటి లోపలికి పోతుంది. మనిషిని పడగొట్టే మోతాదు దాన్ని అంతగా బాధించదు. ఇంగ్లండు బొగ్గుగనుల్లో ఈ వాయువును కనిపెట్టడానికి కెనరీ పిట్టల్ని పంజరాల్లో తీసుకుపోయేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఉపాయం అది. 1986 దాకా ఆ పిట్టలు అక్కడి గనుల్లో పనిచేశాయి. పిట్ట మనిషికన్నా ముందే సోలిపోయి ప్రమాదం తెలిపేది. పట్టుపురుగు ఆ పని చెయ్యదు. పురుగు బాగుంది కాబట్టి గది బాగుందనుకోవడం ఎంత ప్రమాదమో మా ఇంట్లో చూశాం.

ఆయనకు మరుసటి రోజు తెలివొచ్చింది. నన్ను గుర్తుపట్టాడు, పిల్లల్ని అడిగాడు, పురుగులకు ఆకు వేసిందెవరని అడిగాడు. మా చిన్నాయన కొడుకులు, ఊళ్లో రైతులు వంతులేసుకుని ఆకు కోసి మేపుతున్నారని చెప్పాను. కిటికీలన్నీ తెరిచి, చలికే వదిలేసి మేపారు. గూళ్లు కాస్త ఆలస్యంగా కట్టాయి, కట్టినవి బాగానే ఉన్నాయి. పలమనేరు మార్కెట్టుకు వేసి వాళ్లే డబ్బు తెచ్చిచ్చారు. అప్పటికి ఆయన ఇంటికొచ్చి నడుస్తున్నాడు, ఆవుకు మేత వేస్తున్నాడు. గండం గడిచిందనుకున్నాం.

నెల తిరగకముందే తేడా మొదలైంది. మొదట మాట తగ్గింది. పెట్టింది తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒక పొద్దు చొక్కా వేసుకుని, మొదటి గుండీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను పోయి గుండీలు పెట్టేదాకా ఆ చెయ్యి కదల్లేదు. తర్వాత అడుగులు చిన్నవయ్యాయి, కాళ్లు నేలకు రాసుకుంటూ నడిచేవాడు. మూత్రం తెలియకుండా పోయేది. ఒకరోజు తన తల్లిని చూపించి "ఈమె ఎవరు?" అన్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయింది. ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. తాయెత్తు కట్టించమన్నారు, గుడికి తీసుకుపొమ్మన్నారు. నేను మళ్లీ తిరుపతికే తీసుకుపోయాను.

ఎమ్మారై తీసి, మెదడు లోపలి తెల్ల పదార్థం దెబ్బతిందని చూపించారు. ఈ విషం సోకినవాళ్లలో కొందరు పూర్తిగా బాగైనట్లు కనిపించి, కొద్ది రోజులకో వారాలకో మళ్లీ ఇలా దిగజారతారట. దీనికి పట్టి తిప్పే మందు లేదు, కానీ చాలామంది నెలలు గడిచేకొద్దీ, ఏడాది లోపు కోలుకుంటారని చెప్పారు. నడిపించండి, మాట్లాడించండి, పేర్లు గుర్తు చెయ్యండి అన్నారు. ఆ మాట పట్టుకునే మేం నెట్టుకొచ్చాం. పొద్దున తోట చుట్టూ నడిపించేదాన్ని. మా పెద్దమ్మాయి బడి పుస్తకం తెచ్చి ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ముందు మూత్రం అదుపులోకి వచ్చింది, తర్వాత నడక, ఆ తర్వాత పేర్లు. మార్కెట్టులో ఆయనంతట ఆయన తూకం చూసి, డబ్బు లెక్కపెట్టుకుని తెచ్చిన రోజున మా అత్త ఊరందరికీ పాయసం పోసింది. ఇప్పటికీ ఆయనకు తొందరగా కోపం వస్తుంది, సన్నపని చేస్తే వేళ్లు వణుకుతాయి. మిగతా అంతా ఆయనే.

అత్త చాన్నాళ్లు తనను తాను తిట్టుకుంటూనే ఉండింది. "నా చిన్నప్పటి నుంచీ పెట్టిన కుంపటే గదా, అప్పుడెవరికీ ఏమీ కాలేదే," అనేది. ఆ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆమె కాపురానికొచ్చినప్పుడు పురుగులు మేపింది మట్టిగోడల కొట్టంలో. పైన బోదగడ్డి కప్పు, గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు, తలుపుకు తడిక. ఎంత మూసినా ఆ కొట్టంలో గాలి ఆడేది. కుంపటి పుట్టించిన చెడ్డగాలి పైనుంచి పోయేది. ఇప్పుడున్నది సిమెంటు గోడలు, బిగుతు కిటికీలు, పైన టార్పాలిన్ పట్టలు. నిప్పు పాతదే, గది కొత్తది. పాత కొట్టాన్ని కాపాడింది దాని సందులు. ఆ సందులు పూడ్చిన గదిలో పాత నిప్పు పెట్టకూడదు. ఈ మాటే అందరికీ చెప్పాలని నా తపన.

ఈ సంగతి మనకన్నా ముందు జపాన్ రైతులకు తెలుసు. మేం మేపే తెల్లగూళ్ల రకాల వెనుక జపాన్ సాయం ఉంది. 1991 నుంచి అక్కడి జైకా సంస్థ, మన కేంద్ర పట్టు మండలి కలిసి బైవోల్టిన్ పెంపకాన్ని దక్షిణాదిలో నిలబెట్టాయి. ఆ దేశంలో పాతకాలంలో రెండు పద్ధతులుండేవట. ఒకటి నిప్పు లేకుండా గాలికి వదిలి మేపడం, రెండోది గది మూసి నిప్పుతో వేడి చేసి మేపడం. గున్మా అనే ప్రాంతానికి చెందిన తకయామా చోగొరో అనే ఆయన ఆ రెంటినీ కలిపాడు. చలిగా ఉంటే నిప్పు పెట్టాలి, పెట్టినా గాలి పైకి పోయే దారి ఉండాలి అన్నాడు. 1884లో తకయామా-షా అనే సంస్థ పెట్టి ఆ పద్ధతిని ఊరూరి రైతులకు నేర్పించాడు. ఆయన పురుగులు పెంచిన చోటును 2014లో తొమియోకా పట్టు మిల్లుతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేడి, గాలి రెండూ కలిసి ఉండాలన్నది అక్కడ అంత పెద్ద విద్య.

మా షెడ్డును మేం ఎలా మార్చుకున్నామో చెప్తాను. పెద్ద ఖర్చేమీ కాలేదు.

ముందు వేడి పుట్టించే పని కాదు, ఉన్న వేడి పోకుండా చూసే పని చేశాం. రేకుల షెడ్డులో వేడి ఎక్కువగా పోయేది పైనుంచే. రేకుల పైన బయటి వైపు మందంగా బోదగడ్డి కప్పించాం. లోపల తాళ్లు లాగి, నేసిన పట్టాతో అడ్డకప్పు కట్టాం. కరెంటు తీగలుంటాయి కాబట్టి గడ్డిని లోపల మాత్రం వాడలేదు. కిటికీలకు గోనెసంచులు రెండు పొరలు కుట్టి తెరలు వేశాం. పొద్దెక్కినాక తెరలెత్తి ఎండ రానిస్తాం, సాయంత్రం చలిగాలి మొదలయ్యేలోపు దించుతాం. గోడల పైభాగంలో ఉన్న వెంటిలేటర్లను మాత్రం ఏ వానకూ మూయం. వాటికి బయట రేకు చూరు పెట్టించాం కాబట్టి జల్లు లోపలికి రాదు. పైన తెరిచి ఉంటే వేడి పోతుంది కదా అని అందరూ అంటారు. కొంత పోతుంది, నిజమే. కానీ పురుగుల పడకలోంచి చెమ్మ, అమ్మోనియా వాసన కూడా అక్కణ్నుంచే పోతాయి, రోగం తగ్గుతుంది.

ఎక్కువ వేడి కావాల్సింది చాకీ దశలో. చలికాలంలో ఆ దశను ఇంట్లో పెట్టుకోవడం మానేశాం. చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగులు తెచ్చుకుంటే, 28 డిగ్రీలు పుట్టించాల్సిన బాధ మనకు ఉండదు. తెచ్చిన కొత్తలో షెడ్డంతా వేడి చెయ్యకుండా, ఒక మూల పట్టా అడ్డం కట్టి ఆ భాగం మాత్రమే వెచ్చగా ఉంచుతాం.

కరెంటు హీటరుకు థర్మోస్టాట్ పెట్టించాం. రెండు వేల వాట్ల హీటరు గంటకు రెండు యూనిట్లు కాలుస్తుంది. ఆగకుండా రాత్రి పది గంటలు నడిస్తే ఇరవై యూనిట్లు. థర్మోస్టాట్ ఉంటే గది కావాల్సినంత వెచ్చబడగానే ఆగుతుంది, చల్లబడితే మళ్లీ అందుకుంటుంది. గడ్డి, అడ్డకప్పు వేశాక అది ఆగి ఉండే సమయమే ఎక్కువ. ఆ హీటరు దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది. బల్బు తీగకు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అది తగిలిస్తే తీగ కాలుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి విడిగా ఎంసీబీ ఉండాలి. షెడ్డులో ఎప్పుడూ తడి కాబట్టి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు తప్పనిసరి. హీటరుకు దగ్గరగా గోనె, కాగితం, ఎండు కొమ్మలు ఉండనీయం.

కరెంటు పోతే ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. ఇన్వర్టరు లైటుకు, ఫ్యానుకు సరిపోతుంది, అంత పెద్ద హీటరును మొయ్యలేదు. అందుకని మేస్త్రీతో గోడ బయట పొయ్యి కట్టించాం. పొయ్యి నోరు బయటికే. దాంట్లోంచి పెద్ద ఇనుప గొట్టం గోడ దాటి లోపలికొచ్చి, షెడ్డు పొడుగునా సాగి, అవతలి గోడలోంచి బయటికి పోయి రేకులకన్నా ఎత్తుకు లేస్తుంది. ఆ గొట్టాన్ని తాకేలా గడ్డి గానీ పట్టా గానీ లేకుండా చూసుకున్నాం. నిప్పుకు గాలి బయటి నుంచి అందుతుంది, పొగా విషవాయువూ గొట్టంలోంచి బయటికే పోతాయి, లోపలికొచ్చేది ఇనుము వేడి ఒక్కటే. అతుకుల దగ్గర బంకమట్టి మెత్తుతాం. చలికాలానికి ముందు గొట్టం దులిపి, పగుళ్లున్నాయేమో చూస్తాం. తేమ కోసం గొట్టం మీద నీళ్ల గిన్నె పెడతాం. తోటలో ఎండిన మల్బరీ కట్టెలే ఆ పొయ్యిలో పెడతాం.

ఇంకోటి, కార్బన్ మోనాక్సైడ్ అలారం. బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె, ఈ వాయువు పెరిగితే కూత పెడుతుంది. పొగ అలారం వేరు, ఇది వేరు. పొగ అలారం ఈ వాయువును కనిపెట్టలేదు. బయట పొయ్యి కట్టాక కూడా మేం దీన్ని తీయలేదు, గొట్టం ఎప్పుడు చిల్లు పడుతుందో చెప్పలేం కదా. షెడ్డులో ఎవరూ పడుకోరు. రాత్రి మేత వేసి ఇంటికొచ్చేస్తాం.

మొదట ఇది పట్టు రైతుల సంగతి మాత్రమే అనుకున్నాను. తర్వాత చూస్తే చలికాలం కోడిపిల్లల బ్రూడింగు షెడ్లలో బొగ్గుల బుఖారీలు పెడతారు, అక్కడా కాపలా మనిషి పడుకుంటాడు. బాలింతల గదుల్లో కుంపటి పెట్టి తలుపులు బిగిస్తారు. కరెంటు పోయిన రాత్రి జనరేటరును వసారాలోకి తెచ్చుకునేవాళ్లున్నారు.  ఏ జీవి కోసమైనా, గది లోపల నిప్పు కాలితే దాని గాలి ఆ గదిలో ఉన్న మనిషి ఊపిరిలోకే పోతుంది. పట్టు పరిశ్రమ శాఖ వాళ్లు రైతులకు మందుల గురించి, రోగాల గురించి శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్కా చేర్చాలని, షెడ్డుకిచ్చే సామానులో ఈ అలారం కూడా ఉండాలని నా కోరిక. మా మండలంలో రైతుల సమావేశం జరిగినప్పుడల్లా లేచి చెప్తూనే ఉన్నాను. మా ఆయన పక్కనే కూర్చుంటాడు. చాలాసార్లు నేను మొదలుపెట్టిన మాట ఆయనే పూర్తి చేస్తాడు.

ఎవరి ఇంట్లోనైనా ఇలా జరిగితే ఏం చెయ్యాలో కూడా చెప్పి ముగిస్తాను. లోపలికి పోయేముందు తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. ఒక్కరే లోపల ఎక్కువసేపు ఉండకండి, పడిపోయినవాళ్లను వెంటనే ఆరుబయటికి లాగండి. 108కి ఫోన్ చేసి ఆక్సిజన్ కావాలని అడగండి. ఇంట్లో మిగతావాళ్లకు తలనొప్పి, వాంతులు ఉన్నాయేమో చూసి, ఉంటే వాళ్లనూ తీసుకుపొండి. వేలి క్లిప్పు బాగానే చూపిస్తోందని ఊరుకోకండి. డాక్టరు అడిగేదాకా ఆగొద్దు. మూసిన గదిలో నిప్పు పెట్టుకుని పడుకున్నారని ముందు మీరే చెప్పండి. బాగై ఇంటికొచ్చిన మనిషిని నెలా రెండు నెలలు గమనిస్తూ ఉండండి. మాటలో, నడకలో, మతిలో తేడా వస్తే మళ్లీ అదే ఆసుపత్రికి తీసుకుపోయి, జరిగింది మొదటి నుంచీ చెప్పండి.